పద్నాలుగో చెయ్యి

అవిశ్వాస తీర్మానం నోటీసు మీద అమ్మ మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే సంతకం పెట్టింది. ఫిబ్రవరి మొదటి ఆదివారం అది. ఆ కాగితం మీద అప్పటికే పదమూడు సంతకాలున్నాయి. నాయన పక్కన నిలబడి, ఖాళీగా ఉన్న చోటు వేలితో చూపించాడు.

రాయదుర్గం మెట్రో దిగి ఆటోలో అరగంట పోతే మా మునిసిపాలిటీ వస్తుంది. నేను ఆ మెట్రో పక్కనే ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. నాయన చెన్నకేశవులు ఇరవై ఏళ్ల కిందట ప్రొద్దుటూరు నుంచి వచ్చి ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. తొమ్మిదో వార్డు మహిళలకు రిజర్వయినప్పుడు ఏ పార్టీ టికెట్టూ రాలేదని అమ్మను ఇండిపెండెంటుగా నిలబెట్టాడు. ముప్పై ఏడు ఓట్ల తేడాతో ఆమె గెలిచింది. మొదటి ఏడాది కౌన్సిలర్ లక్ష్మీదేవి అన్న అమ్మ పేరు మీద వార్డంతా తిరిగింది నాయనే. రెండో ఏడాది నుంచి అమ్మే తిరగడం మొదలుపెట్టింది. టవర్లు కట్టే కూలీల రేకుల షెడ్లకు మంచినీళ్ల పైపు వచ్చేదాకా మునిసిపల్ ఆఫీసు మెట్లు దిగలేదు. ఆ పైపు ఫైలు మీద సంతకం చేసిన ఛైర్‌పర్సన్ స్వప్న. ఇప్పుడు అవిశ్వాసం ఆమె మీదే.

"స్వప్నక్క ఏం తప్పు చేసిందని నాయనా?" అన్నాను.

"తప్పు చేసినట్టు రాయాల్సిన పనే ల్యా పాపా" అన్నాడు నాయన. రాజకీయం మాట్లాడేటప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చేది. "ఢిల్లీలో ప్రధానమంత్రి మీద పెట్టినా అంతే. యాభై మంది లేచి నిలబడితే స్పీకరు తీర్మానాన్ని తీసుకోవాల్సిందే. నువ్వు దొంగవని నిరూపించనక్కర్లేదు. మాకు నీ మీద నమ్మకం ల్యా అంటే చాలు. ఓట్లు లెక్కపెడతారు. నమ్మకం ల్యా అనేటోళ్లు ఎక్కువైతే ఎంత పెద్ద ప్రభుత్వమైనా దిగిపోవాల్సిందే."

"మన దగ్గర కూడా అంతేనా?"

"మన దగ్గర ఇంకొంచెం కష్టం. సగం మంది సంతకాలు పెట్టి నోటీసు కలెక్టరుకు ఇయ్యల్ల. ఆయన తేదీ పెడతాడు. ఆ పొద్దు ఆర్డీవో వచ్చి మీటింగు నడిపిస్తాడు. మొత్తం ఇరవై ఒక్క ఓట్లలో పద్నాలుగు మంది హాల్లో కూర్చుంటేనే కోరం. పదమూడు మందే వస్తే ఆయన గడియారం చూసుకోని లేచి పోతాడు. స్వప్న తట్టు వాళ్లు ఎట్లాగూ రారు."

"అంటే పద్నాలుగోది నేనా?" అంది అమ్మ.

"నువ్వే. పార్టీలోళ్లకు విప్పుల బాధలుంటాయి. నీకు ఏ విప్పూ ల్యా. అందుకే పెద్దన్న మన గడప తొక్కినాడు."

పెద్దన్న మూడో వార్డు కౌన్సిలర్. స్వప్న దిగితే ఆ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్న మనిషి. నాయన వేసిన వెంచరు ఫైలు రెండేళ్లుగా స్వప్న దగ్గర ఆగిపోయింది. ఆ భూమి మధ్య నుంచి చెరువుకు పోయే నాలా ఉందని, దాన్ని పూడ్చడానికి వీల్లేదని ఆమె రాసింది. తాను ఛైర్మన్ అయిన వారంలో ఫైలు కదులుతుందని పెద్దన్న మాట ఇచ్చాడు. బదులుగా అమ్మ చేత ఓటు వేయిస్తానని నాయన మాట ఇచ్చాడు.

"ఆ పిల్ల మంచిది" అంది అమ్మ, పెన్ను పట్టుకుని.

"మంచిది కాదని నేనన్నానా? మాటిచ్చినా లక్ష్మీ."

అమ్మ తన పేరు పూర్తిగా, అక్షరం అక్షరం విడదీసి రాసింది.

*

మీటింగు తేదీ పడగానే క్యాంపు మొదలైంది. ఓటు దాకా పద్నాలుగు మందినీ ఒక్కచోట ఉంచాలి. లేకపోతే అవతలి వాళ్లు ఒక్కరిని లాక్కున్నా కోరం పోతుంది. వికారాబాద్ అవతల ఏదో రిసార్టు అన్నారు, పేరు చెప్పలేదు. మా వీధి చివర తెల్ల బస్సు ఆగింది. అమ్మ ఒక చేతిసంచి, బీపీ మాత్రలు, నాలుగు చీరలు పెట్టుకుంది. బస్సు మెట్టు దగ్గర పెద్దన్న అందరి ఫోన్లూ ఒక గుడ్డసంచిలో వేయించుకుంటున్నాడు.

"ఏమనుకోకుండ్రి వదినా, పదకొండు దినాలే" అన్నాడు. "పొద్దుమాపు నా ఫోన్ల నుంచి ఇంటికి మాట్లాడుకోండ్రి. ఎవ్వర్ని పరేషాన్ గానియ్య."

నాయన నవ్వుతూ చెయ్యి ఊపాడు. అమ్మకు పెళ్లయ్యాక ఆయన లేకుండా అన్ని రోజులు ఇంటి బయట ఉండటం అదే మొదలు. "రసంపొడి పైఅరలో ఉండాది" అని కిటికీలోంచి చెప్పింది. అది నాకు చెప్పిందో నాయనకు చెప్పిందో తెలియలేదు.

ఆరో రోజు శనివారం. పొద్దున నాయన వెంచరు దగ్గరికి పోతానని స్కూటరు తీశాడు. తీసి, దాని మీద కూర్చోకుండా పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. "పాపా, చెయ్యి గుంజుతాంది" అన్నాడు. నేను కాఫీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి ఆయన చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది.

ఆస్పత్రికి చేరేసరికి పది. గుండెపోటు అన్నారు. స్టెంటు వేశారు. మధ్యాహ్నానికి బెంగుళూరు నుంచి తమ్ముడు చైతన్య బయలుదేరాడు. ఐసీయూలో నాయన కళ్లు తెరవగానే అన్న మొదటి మాట, "మీయమ్మకు చెప్పొద్దు" అని.

"చెప్పకపోతే ఎట్లా నాయనా?"

"చెప్తే ఆ యమ్మ గోడ దూకైనా వస్తాది. కోరం పోతాది. పదమూడు మంది నా వల్ల ఆగమైపోతారు. గురువారం ఓటు దాకా ఓపిక పట్టు."

అయినా నేను బయటికి వచ్చి పెద్దన్నకు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను, నాయన చెప్పొద్దన్నాడని కూడా.

"స్టెంట్ ఏసిండ్రు గదా బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. "మా బాపుకు గిట్లనే అయింది, ఇంకా పదేండ్లు బతికిండు. అన్న గూడ చెప్పొద్దన్నడంటున్నవ్. జర అయిదు దినాలు ఆగుదం. మంచి డాక్టర్‌తోని నేను మాట్లాడ్త."

ఆయన మాట్లాడాడు కూడా. సాయంత్రం పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి చూసి పోయాడు.

*

సోమవారం పొద్దున నాయన కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. నర్సు ఇచ్చిన ఇడ్లీ సగం తిన్నాడు. ఐదు నిమిషాలు మాత్రమే లోపల ఉండనిచ్చారు.

"పాపా, ఆ నాలా నువ్వు చూసినావా?" అన్నాడు.

"లేదు నాయనా."

"నేను చూసినా. మొన్న వానాకాలంలో నిండా నీళ్లు పారినాయి. మోకాటి దాకా. నేను చూసి కూడా దాని మీద ప్లాట్ల గీతలు గీయించినా." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "స్వప్న రాసిందే సరి. ఆడ ఇల్లు కట్టుకున్నోళ్ల పిల్లోళ్లు నీళ్లలో పడిపోతే ఎవురిది పాపం?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. సూది గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది.

"మీయమ్మకు చెప్పు. నేనిచ్చిన మాట నాది. దాంతో ఆ యమ్మకు పనిల్యా. చెయ్యి ఎత్తొద్దను. బాగలేదని మాత్రం ఇప్పుడే చెప్పొద్దులే, భయపడుతాది. చెయ్యి ఎత్తొద్దని మాత్రం చెప్పు."

మధ్యాహ్నం పెద్దన్న ఫోన్ నుంచి అమ్మ మాట్లాడింది. స్పీకరులో ఉందని వెంటనే తెలిసిపోయింది. వెనక ఎవరో దగ్గుతున్నారు, పళ్లేలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీ నాయన ఎట్లుండాడు? నాకు ఫోనే చేయడే?"

ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా లిఫ్టు తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

"బాగుండాడమ్మా. సైటుకు పోయినాడు."

"మాత్రలు వేసుకుంటాండాడా?"

"వేసుకుంటాండాడు."

"ఇంగేం?"

ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. స్పీకరులో వింటున్న ఆ మనుషులందరి ముందు ఎలా చెప్పను? చెబితే అమ్మను ఒక్క క్షణం వదలరు, లేదా ఫోనే కట్ చేస్తారు. గురువారం ఓటుకు ముందు ఆఫీసు గేటు దగ్గర పట్టుకుని చెవిలో చెప్పొచ్చు అనుకున్నాను. చెవిలో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది!

"ఇంగేం లేదమ్మా" అన్నాను.

*

గురువారం పొద్దున తొమ్మిదీ పదికి నాయన చనిపోయాడు. రెండోసారి వచ్చిన పోటు. అంతకు పావుగంట ముందు చైతన్యను క్రికెట్ స్కోరు అడిగాడట. నేను అప్పుడు కింద మందులు కొంటున్నాను.

కాగితాల మీద సంతకాలు చేయడానికి చైతన్య ఆగిపోయాడు. "నువ్వు పో, అమ్మను తీసుకురా" అన్నాడు. వాడి గొంతు చిన్నప్పటి గొంతులా ఉంది. నేను ఆటో ఎక్కాను. గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ఆఫీసుకు పోయే కార్లన్నీ బారులు తీరి ఆగి ఉన్నాయి. ఆటో డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. మునిసిపల్ ఆఫీసు ముందు దిగేసరికి పదీ నలభై.

గేటుకు వంద గజాల ఇవతలే పోలీసులు తాళ్లు కట్టారు. కౌన్సిలర్లు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. "మా అమ్మ కౌన్సిలర్, ఒక్క మాట చెప్పాలి" అన్నాను. "మీటింగ్ అయినంక చెప్పమ్మా" అన్నాడు కానిస్టేబుల్. మా నాయన పోయాడని చెబితే వదిలేవాడేమో. ఆ మాట ఇంకా నా నోట్లోంచి రాలేదు. అప్పటిదాకా ఎవరితోనూ, ఫోన్ చేసి పెద్దన్నతో కూడా అనలేదు. ముందు అమ్మతోనే అనాలి అనుకున్నాను.

పదీ యాభైకి తెల్ల బస్సు వచ్చింది. తాడు తీయడానికి ఒక నిమిషం మా ముందే ఆగింది. అమ్మ మూడో కిటికీలో ఉంది. వంగపండు రంగు చీర కట్టుకుంది. అద్దం మూసి ఉంది. నన్ను చూడగానే ఆమె మొహం విప్పారింది. ఐదు వేళ్లూ కూడదీసి నోటి దగ్గర పెట్టి, తిన్నావా అని అడిగింది.

నేను తలూపాను, తిన్నానని.

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇరవై ఆరేళ్లుగా ఆమె అలా అడిగితే నేను అలాగే తలూపుతూ వచ్చాను. బస్సు కదిలింది. "అమ్మా!" అని అరిచాను. అద్దానికి అవతల ఆమె వెనక సీటులో ఎవరితోనో ఏదో చెబుతూ నవ్వుతోంది. గేటు మూశారు.

లోపల ఏం జరిగిందో తర్వాత అమ్మే చెప్పింది. ఆర్డీవో తీర్మానం చదివాడట. అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడట. పద్నాలుగు చేతులు లేచాయి. ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, గుమస్తా చేత పేరుపేరునా రాయించాడట. అంతా కలిపి పదకొండు నిమిషాలు. అమ్మ చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచిందట. "మీ నాయన మాట తలుచుకోని ఎత్తినా" అంది.

బయట డప్పులు మొదలయ్యాయి. ఎవరో టపాకాయలు పేల్చారు. అమ్మ మెట్లు దిగి, మెడలో వేసిన దండ తీసి చేత్తో పట్టుకుని, నా దగ్గరికి గబగబా నడిచి వచ్చింది.

"మీ నాయన రాలేదేం పాపా?"

ఆమె నా మొహం చూసింది, తర్వాత కిందికి చూసింది. నా ఒక కాలికి నా చెప్పు ఉంది, రెండో కాలికి బెంగుళూరులో ఉండాల్సిన చైతన్యది. ఆస్పత్రిలో ఎప్పుడు మారిపోయిందో నేనూ గమనించలేదు. అమ్మ ఆ చెప్పుల వైపే చూస్తూ నిలబడింది. తర్వాత దండను పక్కనున్న కానిస్టేబుల్ చేతికి ఇచ్చి, "యా ఆస్పత్రి?" అంది.

*

పదకొండో రోజు కర్మ అయ్యాక, బంధువులు వెళ్లిపోతున్న సమయంలో స్వప్న వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లుంటాయి. ఛైర్‌పర్సన్ కాకముందు బడిలో లెక్కలు చెప్పేది. నాయన ఫొటోకు దండం పెట్టి, అమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

"అక్కా, నీకొక మాట చెప్పకుంటే నాకు నిద్ర పడతలేదు" అంది. "ఆ దినం సార్ పోయిన సంగతి నాకు ముందే ఎరుక. మా మరిది ఆ దవాఖానలనే పని చేస్తడు. తొమ్మిదిన్నరకు ఫోన్ చేసిండు."

అమ్మ ఆమె వైపు తిరిగింది.

"నేను నా రూం ఖాళీ చేసి వరండాల నిలబడ్డ. నువ్వు నా ముంగటి నుంచే పోయినవ్, తల వంచుకోని. చెప్దామని నోటిదాక వచ్చింది. చెప్తే నువ్వు దవాఖానకు ఉరుకుతవు. పదమూడు మందే మిగుల్తరు. మీటింగ్ కాదు, నా కుర్చీ నిలబడ్తది. సార్ చావు పట్టుకోని కుర్చీ కాపాడుకున్నట్టయితదని నోరు మూసుకున్న. కానీ అక్కా, నీ మొగడు పోయిన మాట నీకు చెప్పకుండ నిన్ను హాల్లకు పోనిచ్చిన. ఏది పెద్ద తప్పో నాకు ఇప్పటికి సమజ్ అయితలేదు."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. అమ్మ కోప్పడుతుందనుకున్నాను.

"నువ్వు చెప్పింటే నేను నమ్మేదాన్ని గాదు స్వప్నా" అంది అమ్మ. "పదకొండు దినాలు పొద్దున లేస్తూనే మాకు అదే చెప్పినారు. కోరం పగలగొట్టేదానికి స్వప్న తట్టు నుంచి ఏ కబురైనా వస్తాది, ఇంట్లో ఎవురో పోయినారని గూడా చెప్తారు, నమ్మొద్దు అని. నువ్వు చెప్పింటే, కుర్చీ కోసం నా మొగున్ని చంపుతావా అని నలుగురిలో నిన్ను తిట్టేదాన్ని. తిట్టి, లోపలికి పోయి చెయ్యి ఎత్తేదాన్ని."

స్వప్న కొంగుతో కళ్లు తుడుచుకుంది. అమ్మ ఏడవలేదు. స్వప్న చేతిని తన ఒళ్లో పెట్టుకుంది.

*

పెద్దన్న మాట తప్పలేదు. ఛైర్మన్ అయిన ఎనిమిదో రోజునే వెంచరు అనుమతి కాగితాలు తానే తీసుకుని మా ఇంటికి వచ్చాడు. పాడె మోసినప్పుడు ఎలా ఏడ్చాడో అప్పుడూ అలాగే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అన్నకిచ్చిన మాట వదినా" అన్నాడు. అమ్మ కాఫీ ఇచ్చి పంపించింది. తర్వాత ఆ కాగితాలు, ప్లాట్ల నక్షా ముందు వేసుకుని రెండు రోజులు చూసింది.

మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు పోయింది. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నామని, ఆ భూమిలో నాలా ఉందని ఒక పేజీ ఉత్తరం తానే రాసింది. కమిషనర్ ఇంకా రాలేదు. బయట బల్ల మీద కూర్చున్నాం.

"రెండేండ్లు తిరిగినాడు మీ నాయన దీనికోసం" అంది అమ్మ, ఉత్తరం మడతలు సరిచేస్తూ. "ఆయప్ప మాట దాటి నేను ఇంతవరకు ఏ పనీ చేయలేదు. ఇప్పుడు పోయినాక చేస్తాండా. నాకే అసహ్యంగా ఉండాది పాపా. ఆయనకు ద్రోహం చేస్తాండాననిపిస్తాంది."

ఆమె మొహం చూశాక నేను ఇంక దాచలేకపోయాను.

"లేదమ్మా. నాయన కూడా ఇదే అన్నాడు. నాలా మీద ప్లాట్లు గీయించడం తన తప్పేనన్నాడు. స్వప్న రాసిందే సరి అన్నాడు."

అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె కళ్లలో మొదట వచ్చింది సంతోషమే. అది నేను చూశాను. నాయన పోయాక ఆమె మొహంలో అలాంటిది కనిపించడం అదే మొదటిసారి.

"అట్లన్నాడా?"

"అన్నాడు. నిన్ను చెయ్యి ఎత్తొద్దని చెప్పమన్నాడు. తానిచ్చిన మాటతో నీకు పనిలేదన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"సోమవారం పొద్దున."

అమ్మ లోపల్లోపలే రోజులు లెక్కపెట్టుకోవడం నాకు తెలుస్తోంది.

"సోమవారం మధ్యాన్నం నేను నీతో మాట్లాడినా గదా" అంది.

"మాట్లాడినావు."

గుమస్తా వచ్చి కమిషనర్ పిలుస్తున్నాడని చెప్పాడు. అమ్మ లేచి లోపలికి పోయింది. ఉత్తరం ఇచ్చి, రశీదు మీద ముద్ర వేయించుకుని వచ్చింది. ఆటోలో ఇంటికి వచ్చాం. నేను డ్రైవరుకు డబ్బులిచ్చి గేటు తీసేసరికి ఆమె అప్పటికే గుమ్మంలో ఉంది, తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు తీయకుండా.

"స్వప్న చెప్పింటే నమ్మేదాన్ని గాదు" అంది, నా వైపు తిరగకుండానే. ఆ గొంతులో కోపం లేదు. "నువ్వు చెప్పింటే నమ్మేదాన్ని పాపా."